బొమ్మల దొర గీసిన పిల్ల

"వెనక చెక్క మీద సుసన్నా అని రాసి ఉంది. ఎవరండీ?" అని అడిగాడు, బొమ్మ కొనడానికి హైదరాబాదు నుంచి వచ్చిన వామనరావు. "గీ బొమ్మల ఉన్న పిల్ల పేరే సార్. సచ్చిపోయింది," అన్నాడు యిర్మియా. ముందుగదికీ వంటింటికీ మధ్య వేలాడే తెర ఇవతల, బొగ్గుల పొయ్యి మీద చాయ మరగబెడుతున్న సుసన్నా చేతిలో చెంచా ఆగింది. తప్పు విన్నానేమో అనుకుంది. కానీ పదిహేడేళ్ల కాపురంలో మొగుడి గొంతును తెర ఇవతల నుంచి వినడమే ఆమెకు ఎక్కువ అలవాటు. అతను అబద్ధం చెప్పే ముందు చిన్నగా దగ్గుతాడు. ఇప్పుడు దగ్గలేదు. రోజూ పొద్దున్నే గని దగ్గర మూడు వందల మంది పేర్ల ఎదుట వచ్చాడనో రాలేదనో రాసే హాజరు గుమాస్తా, ఎవరి పేరు ఎదుట ఏం రాయాలన్నా చెయ్యి వణకని మనిషి. "అయ్యో, ఎట్లా పోయింది?" అన్నాడు వామనరావు. "బాయిల పడ్డదన్నరు సార్. మాకు దూరపు చుట్టం. శానా ఏండ్లాయె." చాయ పొంగి పొయ్యిలోకి కారింది. బొగ్గులు చుయ్యిమన్నాయి. ఆమె కొంగుతో గిన్నె అంచు పట్టుకుని దించింది, దించి కిందపెట్టడం మరిచిపోయి అట్లాగే పట్టుకుని నిలబడింది, వేడి కొంగు దాటి వేళ్లకు తగిలేదాకా.

బావిలో అన్నాడు. జ్వరం అనలేదు, పాము అనలేదు, రైలు అనలేదు. ఒక్క దగ్గు కూడా లేకుండా బావి అన్నాడు. అయితే తెలుసన్నమాట. పెళ్లయిన రెండో ఏడు, గోదావరిఖనికి రాకముందు, బెల్లంపల్లిలో లైను ఇళ్లలో ఉన్నప్పుడు, ఒక పొద్దున ఆమె బిందె పట్టుకుని బావి దగ్గరికి పోయింది. ముందురోజు రాత్రి తగిలిన దెబ్బకు దవడ వాచి నోరు తెరుచుకోవడం లేదు. నీళ్లకు కాదు పోయింది. తీరా పోతే అక్కడ పది మంది ఆడవాళ్లు బిందెలతో వరసలో ఉన్నారు. ఎండకాలం, నీళ్లు అడుక్కి పోయాయి, ఒక్కొక్క చేద పైకి రావడానికి ఎంతసేపో పడుతోంది. "వెనక నిలబడు సుసన్నా, మేం పొద్దు పొడవక ముందొచ్చినం," అంది వరసలోని లింగవ్వ. నిలబడింది. నిలబడి నిలబడి తన వంతు వచ్చేసరికి ఎందుకు వచ్చిందో అది పోయి, వెనకున్న వాళ్లు తిడతారన్న తొందర మిగిలింది. బిందె నింపుకుని ఇంటికి వచ్చింది. "బాయి కాడ గంతసేపు ఏం చేసినవ్?" అని అడిగాడు యిర్మియా. "వరస ఉండె," అంది. అతను ఆమె ముఖం వైపు చూశాడు, ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు చెయ్యి ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో అప్పుడు అర్థం కాలేదు, మంచివాడైపోయాడనుకుంది, ఆదివారం గుడిలో కొవ్వొత్తి కూడా వెలిగించింది. ఇప్పుడు తెలిసింది. ఆ పొద్దునే అతని మనసులో ఆమె బావిలో పడింది. పదిహేనేళ్లు దాచుకుని, ఇవాళ బొమ్మ కొనేవాడు అడిగేసరికి జేబులోంచి తీసినట్టు తీశాడు.

"కళ్లు చూశారా, ఎంత దుఃఖం!" అంటున్నాడు తెర అవతల వామనరావు. "తనకు రాబోయేది ముందే తెలిసినట్టు ఉంది. పెదవి చూడండి, ఏదో చెప్పబోయి ఆగిపోయింది. బర్దెల్లి వేసిన బొమ్మల్లో ఇట్లాంటి ముఖం ఇంకోటి నేను చూడలేదు." దుఃఖమట. సుసన్నాకు నవ్వు రాబోయింది. ఆ బొమ్మకు కూర్చున్న రోజు ఆమెకున్న దుఃఖమల్లా ఆరింటికి నల్లా బందవుతుందనే. ఇంట్లో గుక్కెడు నీళ్లు లేవు, షిఫ్టు దిగి నాయిన స్నానం చెయ్యలేదు, ఈ దొర ఎప్పుడు వదులుతాడో తెలియదు. పెదవి అంటారా, కింది దవడ పన్ను ఒకటి వారం రోజులుగా సలుపుతోంది, నోరు మూస్తే పై పన్ను తగిలి ప్రాణం పోయేది, అందుకని కాస్త తెరుచుకుని కూర్చుంది. అది బొమ్మలోకి ఎక్కింది. ఆ పన్ను పోయింది, దాని పక్కవి రెండు పోయాయి.

అతని పేరు బర్దెల్లి. బెల్లంపల్లిలో ఎవరి నోరూ తిరగక బొమ్మల దొర అన్నారు. ఇటలీ దేశపు ఫాదరు అక్కడ కొత్త గుడి కట్టించి, బలిపీఠం వెనక గోడ మీద మరియతల్లిని రాయించడానికి తన ఊరివాడిని పిలిపించాడు. అంతకుముందు పెద్ద యుద్ధంలో పట్టుబడి ఈ దేశంలోనే ఎక్కడో ముళ్లకంచె వెనక నాలుగేళ్లు ఖైదీగా ఉన్నాడట, అక్కడి సిపాయిల దగ్గర ఏరుకున్న హిందుస్తానీ ముక్కలు నాలుగు అతని నోట్లో ఉండేవి. యాభై అయిదో సంవత్సరం, చలికాలం. అప్పుడు సుసన్నాకు పదిహేడేళ్లు. తల్లి లేదు. నాయిన యోనా గని లోపల బొగ్గు కొట్టేవాడు, ఆమె పైన ఆడవాళ్లతో కలిసి బొగ్గులోంచి రాళ్లు ఏరేది. బొమ్మల దొర ఒకరోజు అక్కడికి వచ్చి, టోపీ తీసి, ఆమె ఎదురుగా కదలకుండా నిలబడి చూశాడు. రాళ్లేరే ఆడపిల్లలందరూ కిసుక్కుమన్నారు. "నీ మొకం మీదికెళ్లి రైలు పోతున్నదానే, గట్ల సూస్తున్నడు," అంది లింగవ్వ. సాయంత్రానికి ఫాదరు ఇంటికే వచ్చి అడిగాడు. నాయిన చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకుని, "నా బిడ్డ మొకమా, మరియతల్లికా?" అని రెండుసార్లు అడిగి, "అయితే నేను పక్కన కూసుంట," అన్నాడు. కూర్చున్నాడు. పదకొండు రోజులు, డ్యూటీ దిగి బొగ్గు కడుక్కోకుండా, ఫాదరు ఇంటి అరుగు మీద బిడ్డ పక్కన గోడకు ఆనుకుని. ఇది యిర్మియాకు ఎన్నిసార్లు చెప్పిందో. పక్కనే నాయిన ఉన్నాడని, దొర ఆమెను చేత్తో తాకి కూడా ఎరగడని, తల వంచాలంటే తన తల వంచి చూపించేవాడని. వినేవాడు. విని, "గంతసేపు ఊకెనే సూసిండా?" అనేవాడు.

ఊకెనే చూశాడు. అదే ఎవరికీ నమ్మబుద్ధి కాని సంగతి. "హిలో మత్" అనేవాడు, కదలకు అని. అంతకుముందు ఆమెను చూసినవాళ్లంతా పని కోసం చూశారు, బుట్ట నిండిందా లేదా అని, కూలి కోసం వచ్చిందా రాలేదా అని. మేస్త్రీ ఇంకో రకంగా చూసేవాడు. ఈయన కొండను చూసినట్టు, వానను చూసినట్టు చూసేవాడు. మొదట్లో సిగ్గేసింది, మూడోనాటికి సిగ్గు పోయింది, అయిదోనాటికి ఆ చూపు కింద కూర్చుంటే ఒళ్లు అలుపు తీరినట్టు అనిపించేది. రంగులు కలిపే చెక్క మీద నీలం ఉంది, ఎర్రమట్టి రంగు ఉంది, పసుపు ఉంది, నలుపు లేదు. తనేమో బొగ్గు అంత నలుపు. నాయిన వంగి చూసి, "బిడ్డా, దొర కాడ నల్లరంగు ఒడిసినట్టుంది," అని గుసగుసలాడాడు. ఆఖరి రోజు దొర బొమ్మను ఆమె వైపు తిప్పాడు. ఇంట్లో ఉన్న అద్దం అరచేతి అంతది, పాదరసం రాలిపోయింది. అందులో ఒక కన్ను చూస్తే రెండోది కనపడదు, ముక్కు చూస్తే నుదురు ఉండదు. పదిహేడేళ్లు తనను తాను ముక్కలుగానే చూసుకున్న పిల్ల, ఒక్కసారిగా మొత్తం ముఖం చూసింది. నీలమూ మట్టిరంగూ కలిసి నిగనిగలాడే నలుపు, కనుబొమల్లో బొగ్గు నూగు, చెంప మీద సాయంత్రపు ఎండ. ఇంత ఉన్నానా నేను, అనుకుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. యిర్మియాకు అసలే చెప్పలేదు.

ఆ మాట మూడు రోజులు ఉంది ఆమె దగ్గర. మూడోనాడు ఆదివారం, పూజ అయ్యాక ఫాదరు ఆ బొమ్మను గుడిలో నిలబెట్టి, గోడ మీద రాయబోయే మరియతల్లికి ఇదే ముఖం అన్నాడు. వెనక నుంచి ఎవరిదో నవ్వు. గుడి పెద్ద యాకోబు లేచాడు. వరసకు నాయినకు బావ, ఒకే వాడ, ఒకే బావి నీళ్లు తాగినవాడు. "ఫాదరూ, పొద్దుగాల రాళ్లేరేదాన్ని పొద్దుమూకి మొక్కాలెనా మేము? రేపు గీ యోనాగాని బిడ్డ ఎదురొస్తే నా పెండ్లాం మోకాళ్ల మీద కూసోవాలెనా?" అన్నాడు. ఊరి దొరలు అన్నా ఇంత తగిలేది కాదు, వాళ్ల నుంచి తగలడం అలవాటే. ఇవి మోకాటి చిప్పల దాకా బొగ్గు పట్టిన తనవాళ్ల నోళ్లు. వాళ్లకు తెల్ల తల్లి కావాలి, నీలి పైట, గులాబీ బుగ్గలు. తమలాంటిదాని కడుపున దేవుడు పడతాడంటే వాళ్లకే నమ్మకం కుదరలేదు. బొమ్మల దొర తన భాషలో గట్టిగా అరిచాడు, ఎవరికీ అర్థం కాలేదు. నాయిన తల ఎత్తలేదు. కల్లు దుకాణంలో అందరికీ ముందే చెప్పుకుని ఉన్నాడు పాపం. వారం తిరిగేసరికి గోడ మీద తెల్ల మరియతల్లి వెలిసింది, అందరూ ఎంత బాగుందో అన్నారు, సుసన్నా కూడా మోకాళ్లేసి మొక్కింది. రైలెక్కే ముందు దొర గుడ్డ మీద గీసిన ఈ బొమ్మను తెచ్చి నాయిన చేతికిచ్చి, "రఖో" అన్నాడు. ఉంచుకో అని. ఆమెతో ఏమీ అనలేదు. టోపీ మాత్రం తీశాడు.

నాయిన ఆ బొమ్మను ఇంట్లో మేకుకు తగిలించాడు. పిల్లను చూడటానికి వచ్చిన యిర్మియా ముందు దాన్నే చూశాడు. చాయ ఇస్తున్న ఆమెను ఒకసారి చూసి మళ్లీ బొమ్మ వైపు తిరిగాడు. ఆమెకు సంతోషమే అయింది, బొమ్మ తనదే కదా అనుకుంది. ఒక మనిషి బొమ్మను పెళ్లాడి మనిషితో కాపురం చేస్తే ఏమవుతుందో పదిహేడేళ్ల తర్వాత కదా తెలిసేది. పెళ్లయిన నెలకు బొమ్మ మేకు దిగింది, ఏడాదికి గోడవైపు తిరిగింది, ఆ తర్వాత బియ్యం డబ్బా వెనక్కి పోయింది. గోదావరిఖనిలో గనులు తెరిచి ఇక్కడికి బదిలీ అయినప్పుడు పరుపులతో పాటు లారీలో వచ్చి మళ్లీ బియ్యం డబ్బా వెనకే నిలబడింది. ఏటా వానాకాలం ముందు ఆమె దాని వీపు మీద దుమ్ము దులిపేది, బల్లి గుడ్లు తీసేసేది. ముందువైపు తిప్పేది కాదు. యిర్మియా చెడ్డవాడని లోకం అనదు. తాగడు, జీతం ఇంట్లో ఇస్తాడు, గుడిలో చందా పుస్తకం రాస్తాడు. కొట్టడం కూడా ఆమె బావి దగ్గరికి పోయి వచ్చాక తగ్గింది. మాట్లాడటం తగ్గించాడు, అది ఎవరికీ కనపడే దెబ్బ కాదు.

అతన్నే ఎందుకు అనాలి. ముందు చంపింది తనే కదా. బిడ్డ సుగుణమణికి ఎనిమిదేళ్లప్పుడు, దాగుడుమూతలాడుతూ డబ్బా వెనక దూరి, బొమ్మను ముందుకు తిప్పి లాక్కొచ్చింది. "అవ్వా, ఎవలీమె? మస్తుంది," అంది. సుసన్నా అప్పుడు గోనెసంచి మీద కూర్చుని బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతోంది. తల ఎత్తింది. బిడ్డ బొమ్మను చూస్తోంది, తల్లిని చూస్తోంది, మళ్లీ బొమ్మను చూస్తోంది, ఆ చిన్న కళ్లలో రెంటినీ కలిపే ఆలోచన ఇసుమంత కూడా లేదు. తనకేమో సోడాసీసా అడుగు లాంటి కళ్లజోడు, లోపలికి పోయిన బుగ్గలు, పొగకు ఎర్రబడిన కళ్లు. నేనే బిడ్డా అంటే ఆ పిల్ల నవ్వుతుందేమో. నవ్వితే? "ఎవరో," అంది సుసన్నా. "ఎక్కడున్నది తెచ్చినవో అక్కడ పెట్టు." పెట్టింది. ఇప్పుడు వరంగల్ హాస్టల్లో పదో తరగతి. పోయిన సెలవులకు వచ్చినప్పుడు దీపం వెలుగులో పక్కకు తిరిగితే ఆ బొమ్మే లేచి వచ్చినట్టుంది, కాని ఇంట్లో ఆ మాట అనేవాళ్లు ఎవరున్నారు.

గోదావరిఖనిలో కొత్తగా గుడి కడుతున్నారు. కేరళ నుంచి వచ్చిన కుర్ర ఫాదరు మాటల మధ్య, బర్దెల్లి అని మా ఫాదర్ల సభ వాళ్లు ఎరిగిన చిత్రకారుడు ఇటలీలో పోయాడు, ఇప్పుడు ఆయన బొమ్మలకు మంచి గిరాకీ అట అన్నాడట. యిర్మియా ఆ పేరు విని ఇంటికి వచ్చి బియ్యం డబ్బా జరిపాడు. మూడు రోజులు ఆఫీసులో మిషన్ మీద తనే టైపు కొట్టి, ఇంగ్లీషు పత్రికకు ప్రకటన పంపాడు. అమ్మకానికి: ఇటలీ చిత్రకారుడు బర్దెల్లి వేసిన తైలవర్ణ చిత్రం. ఎవరి చిత్రమో రాయలేదు. "గుడికి గంట కొనిస్త," అన్నాడు భార్యతో, చాలా ఏళ్ల తర్వాత ఎదురుగా కూర్చుని. కళ్లలో వెలుగు ఉంది. "మా నాయిన పశుల కాసుకుంట సచ్చిండు. మా తాత పేరేందో మాకే ఎర్క లేదు. గంట మీద పోత పోస్తరు పేరు. మనం పోయినంక గూడ ఉంటది." ఆ క్షణం అతని మీద జాలేసింది, అది నిజం. రోజంతా పరుల పేర్లు రాసే మనిషికి తన పేరు ఎక్కడో ఒకచోట ఉండాలని ఉండదా. "ఏమని పోస్తరు?" అని అడిగింది. "యిర్మియా అండ్ ఫ్యామిలీ," అన్నాడు. అంతే, జాలి ఎక్కడిదక్కడ గడ్డకట్టింది. వద్దు అనాలనుకుంది. ఎందుకు వద్దంటే ఏం చెప్పాలి? తిప్పి చూడని బొమ్మ మీద ఏం హక్కు? రెండు రోజుల కింద అతనే చెప్పాడు, తడిగుడ్డతో మెల్లగా తుడువమని. తుడిచింది. తన చెంపను తనే తుడుచుకుంటున్నట్టు లేదు, ఎవరో చిన్నపిల్లకు జాతరకు పోయే ముందు ముఖం కడుగుతున్నట్టు ఉంది.

గనిలో ఎక్కడో మందు పేలింది, కాళ్ల కింద నేల చిన్నగా అదిరి, గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి. తెర అవతల వామనరావు అంటున్నాడు, మూలన సంతకం ఉంది గాని ఈ రోజుల్లో సంతకాలు ఎవరైనా చేస్తారు, ఆయన వేస్తుండగా చూసినవాళ్లు ఒకరు కాగితం మీద రాసిస్తే తనకు ధైర్యం. "మా ఆమె సూసింది సార్. ఆమెదీ బెల్లంపల్లే," అన్నాడు యిర్మియా. ఇప్పుడు దగ్గాడు. "ఏయ్, ఇంటున్నవా? చాయ తీసుకొని ఇటు రా." పేరు పెట్టి పిలవలేదు. ఆమె వడకట్టి, రెండు గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని, తెర తొలగించి వచ్చింది.

బొమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. తలుపులోంచి పడుతున్న మార్చి నెల ఎండ దాని ఒళ్లో ఉంది. కుర్చీలు రెండే కాబట్టి యిర్మియా నిలబడ్డాడు, బొమ్మకూ అతిథికీ మధ్యన. వామనరావు పెద్దమనిషి తీరుగానే లేచి దండం పెట్టాడు, ఆమె ముఖంలోకి తిన్నగా చూశాడు, చాయ అందుకున్నాడు. మూరెడు దూరంలో బొమ్మ. ఆయన కళ్లు ఆమె మీంచి బొమ్మ మీదికి పోయాయి, ఎక్కడా తట్టుకోకుండా, ఖాళీ గోడ మీంచి పోయినట్టు. బొమ్మలు చూసి బతికే మనిషి. ఇరవై ఏళ్లుగా ఇదే పని అని ఇందాక చెప్పుకున్నాడు.

"ఈ అమ్మాయిని ఎరుగుదురామ్మా మీరు?"

"ఎర్కే."

"ఎట్లాంటి పిల్ల?"

యిర్మియా ఆమె వైపు చూస్తున్నాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలడం ఉంది, ఎన్నడూ లేని బతిమాలడం. సుసన్నా రెండో గ్లాసు అతనికిచ్చి, ఖాళీ పళ్లెం ఛాతీకి ఆనించుకుంది. "రాళ్లేరేది సార్. నవ్వు ఎక్కువ. రైలెక్కి కాజీపేట దాటి సూడాలని ఉండె దానికి."

"ఆ కళ్లలో అంత దుఃఖం ఎందుకో తెలుసా మీకు?"

"దుక్కం కాదు సార్. నల్లా బందయితదని ఫికర్. ఇంకోటి, పన్ను నొప్పి."

వామనరావు నవ్వాడు, పల్లెటూరి మనుషుల మాటలకు నవ్వే నవ్వు. సంచిలోంచి కాగితం, పెన్ను తీసి, తనే నాలుగు ముక్కలు రాసి చదివి వినిపించాడు. బెల్లంపల్లి గ్రామంలో బర్దెల్లి గారు సుసన్నా అనే యువతి చిత్రాన్ని వేస్తుండగా నేను స్వయంగా చూశాను, ఇది ఆ చిత్రమే. "సంతకం వచ్చామ్మా? వేలిముద్రైనా చాలు." వచ్చు. మిషను బడిలో నాలుగు తరగతులు చదివింది. పెన్ను అందుకుని నేల మీద కూర్చుంది, పళ్లెం బోర్లించి దాని మీద కాగితం పెట్టుకుంది. ఏం చెయ్యబోతోందో అప్పటికి ఆమెకే తెలియదు. యిర్మియా భార్య అని రాస్తే సరిపోతుంది, రేషను కార్డులో అట్లాగే ఉంది, చీట్ల పుస్తకంలో అట్లాగే ఉంది, చేతికి అలవాటే. పెన్ను ఆనింది. ఇంత ఉన్నానా నేను అన్న ఆ పాత మాట ఎక్కడి నుంచో వచ్చి వేళ్ల దగ్గర నిలబడింది. సు. స. న్న. దీర్ఘం ఇవ్వడానికి కాస్త ఆగి, ఇచ్చింది. నాలుగో తరగతి పిల్ల రాసినట్టు గుండ్రంగా వచ్చాయి అక్షరాలు.

కాగితం అందుకున్న వామనరావు చదివి, ఇంకోసారి చదివి, తల ఎత్తాడు. "ఇద్దరి పేరు ఒక్కటే సార్, మా దాంట్ల సుసన్నాలు శాన మంది," అంటున్నాడు యిర్మియా గబగబా, రెండుసార్లు దగ్గి. వామనరావు వినడం లేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. బొమ్మను చూశాడు, ఆమెను చూశాడు. ఈసారి నిజంగా చూశాడు. దవడ ఎముక మీంచి, నుదుటి మీంచి, కళ్లజోడు అద్దాల వెనకున్న కళ్ల దాకా మెల్లగా చూసుకుంటూ వచ్చాడు. పంతొమ్మిదేళ్ల తర్వాత ఒక మనిషి ఆమెను చూస్తున్నాడు. సుసన్నా కదలలేదు, మెడ కొంచెం ఎత్తింది కూడా, ఎత్తానని తనకే తెలియకుండా. చెప్తాడు ఇప్పుడు, అనుకుంది. మీరేనా అమ్మా అంటాడు. అనగానే ఏడుపొస్తుందేమో, ఏడవకూడదు అనుకుంది.

వామనరావు గొంతు తగ్గించాడు. చాలా మర్యాదగా, పిల్లకు నచ్చజెప్పినట్టు అన్నాడు: "అమ్మా, ఇంకో కాగితం రాస్తాను. దాని మీద ఫలానావారి భార్య అని పెట్టండి, చాలు. పోయిందనే ఉండనిద్దాం. కొనేవాళ్లు ఢిల్లీలో ఉంటారు, బొంబాయిలో ఉంటారు. చిన్న వయసులో బావిలో పడి పోయిన పిల్ల అంటే ఆ బొమ్మ ముందు నిలబడిపోతారు. ఉంది, సంసారం చేసుకుంటోంది అంటే…" మాట పూర్తి చెయ్యకుండా చేతులు రెండూ విప్పి చూపించాడు, ఏమీ లేదన్నట్టు. ఆ చేతుల మధ్యలో యాకోబు నిలబడి ఉన్నాడు, గుడి మొత్తం నిలబడి ఉంది. వాళ్లు బతికున్న పిల్లను దేవతగా ఒప్పుకోలేదు, ఈయన బతికున్న మనిషిని ఆ పిల్లగా ఒప్పుకోవడం లేదు. యిర్మియా ఊపిరి వదలడం వినిపించింది. బతికిపోయానన్నట్టు వదిలాడు. "అదే సార్, నేను గూడ అదే అనుకున్న," అన్నాడు.

రెండో కాగితం ఆమె ముందుకు వచ్చింది. సుసన్నా పెన్ను మూత పెట్టింది. పళ్లెం తిప్పి, ఖాళీ గ్లాసులు అందులో సర్దుకుని లేచింది.

"సచ్చినోళ్లు సాక్ష్యం చెప్తరా సారూ?" అంది. "ఆయనతోనే పెట్టించుకోండ్రి."

"ఏమే, గదేం మాట—" అన్నాడు యిర్మియా. ఆమె తెర దాటి లోపలికి వచ్చేసింది. పొయ్యిలో బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయి, చాయ కారిన చోట మాత్రం నల్లబడింది. బయట మాటలు సన్నగా సాగాయి, కుర్చీ జరిగింది, కాసేపటికి పెన్ను కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు, ఆపైన నోట్లు లెక్కపెడుతున్న చప్పుడు. బొమ్మల దొర నీడ కూడా ఎరగని యిర్మియా, ఆయన బొమ్మ గీస్తుండగా స్వయంగా చూశానని సంతకం పెట్టాడు. కోపం వస్తుందనుకుంది, రాలేదు. మొదటి కాగితం ఏమైందా అని ఒక్క ఆలోచన వచ్చింది, తన పేరున్నది. వామనరావు చింపి ఉంటాడు. చింపిన చప్పుడు వినపడలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడేమో, రేపు బొంబాయిలో ఎవరైనా తెలివైనవాడు గట్టిగా అడిగితే, నిజం కూడా ఒకటి దగ్గర ఉండాలి కదా వ్యాపారికి.

మూడు గంటల షిఫ్టు కూత వేసింది. రామగుండం స్టేషనులో బండికి టైమవుతోందని వామనరావు తొందరపడుతున్నాడు, వాకిట్లో కిరాయి కారు ఇంజను మోగుతోంది, బొమ్మకు చుట్టడానికి మెత్తటి బట్ట ఏమైనా ఉందా అంటున్నాడు, రంగు రాసుకుపోతుంది, గోనె పనికిరాదు. యిర్మియా గబగబా పెరట్లోకి పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు తీగ మీద ఆరేసిన ఆమె ఆకుపచ్చ చీర చేతిలో ఉంది. సుసన్నా వంటింటి గుమ్మంలోంచి చూసింది. ఇద్దరు మొగవాళ్లు బొమ్మను నేల మీద పడుకోబెట్టారు. ఒకరు కాళ్ల వైపు, ఒకరు తల వైపు. చీరను నాలుగు మడతలు వేసి కింద పరిచి, పైన కప్పి, అంచులు లోపలికి దోపారు. ముఖం ఆఖరున మూశారు, తెల్లబట్ట ఒక్కటే తక్కువ. తాడు కట్టి, చెరో వైపు పట్టుకుని, గడప తగలకుండా మెల్లగా, కాళ్లు ముందుగా బయటికి మోసుకుపోయారు. కారు వెనక సీటులో పడుకోబెట్టడం, తలుపు వేయడం, దుమ్ము లేవడం కిటికీలోంచి కనిపించాయి. పక్కింటి ఐలవ్వ గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది, ఏం పోతోందో తెలియక.

యిర్మియా లోపలికి వచ్చాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఖాళీ కుర్చీని గోడకు జరిపాడు, మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టాడు. వంటింటి వైపు రెండడుగులు వేశాడు. ఆమె ఇంకా గుమ్మంలోనే ఉంది, వీధి వైపు చూస్తూ. ఆ చూపు ఎందుకో అర్థం చేసుకోవడానికి అతను తనకు చేతనైనంత ప్రయత్నం చేశాడు, అది ముఖంలో తెలుస్తూనే ఉంది.

"చీరే గద. గంతగనం ఎందుకు సూస్తవ్?" అన్నాడు. "కొత్తది కొనిస్త."

"తెల్లది తే," అంది సుసన్నా.

యిర్మియా ముఖం విప్పారింది. "మంచిది తీ," అన్నాడు, ఎన్నో ఏళ్లకు నవ్వి. "గంట ఆశీర్వాదం నాడు గుడికి కట్టుకోవచ్చు."